అండాల మీది పాట

"ఇంట్లో ఎంతమంది వింటారు మేడం?" అని అడిగాడు ఆ అంగడి మనిషి.

తిరుపతిలో కొత్తగా తెరిచిన అంగడి అది. పాటలు వినే సామాన్లు తప్ప ఇంకేమీ అమ్మరు. లోపల ఏసీ, గోడలకు మెత్తటి పలకలు, మధ్యలో కూర్చుని వినడానికి ఒక సోఫా. నా పాత హెడ్‌ఫోన్లకు మెత్తలు ఊడిపోయి, తీసినప్పుడల్లా చెవుల చుట్టూ నల్లటి పొట్టు మిగులుతోంది. ఆఫీసులో ఒకరిద్దరు చూసి నవ్వాక, కొత్తవి కొనుక్కుందామని వెళ్ళాను.

అతను ఒక పక్క హెడ్‌ఫోన్లు, ఇంకో పక్క నడుమెత్తు స్పీకర్లు చూపించి విషయం తేల్చేశాడు. ఒక్కరే వింటే ఇవి, నలుగురు వింటే అవి. అదే ఖర్చుకు హెడ్‌ఫోన్లలో దొరికే స్పష్టత స్పీకర్లలో దొరకదని కూడా దాచకుండా చెప్పాడు. నాకు కొత్త సంగతేం కాదు. దీని మీద మా మామతో నేను ఏళ్ళ తరబడి పోట్లాడాను, సరిగ్గా ఇవే మాటలతో.

"నేనొక్కదాన్నే" అనడానికి నోరు తెరిచాను. అంతలో అతను మాటల్లో మాటగా స్పీకరు పెట్టెను వేలి కణుపుతో టక్కుమని కొట్టి, చెక్క చాలా గట్టిది మేడం అన్నాడు. అంతే, నా మాట నోట్లోనే ఉండిపోయింది. మళ్ళీ వస్తానని చెప్పి బయటికి వచ్చేశాను. బండి తీయకుండా ఎండలో చాలాసేపు నిలబడ్డాను. మామ పోయి ఏడాది కావస్తోంది. ఎవరైనా దేన్నైనా వేలితో కొడితే నాకింకా ఇలాగే అవుతోంది.

మా మామ దేన్నీ చూసి నమ్మేవాడు కాదు, కొట్టి నమ్మేవాడు. మా అమ్మకు తమ్ముడు. చిత్తూరు బజారువీధిలో పాత్రల అంగడి. బిందె కొనడానికి వచ్చినవాళ్ళు బరువు చూస్తారు, మెరుపు చూస్తారు. ఆయన మాత్రం దాన్ని ఎడమ చేతి వేళ్ళ మీద నిలబెట్టి, కుడిచేతి ఉంగరం వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టి, తల కాస్త వంచి, ఆ మోత పూర్తిగా ఆగేదాకా కళ్ళు మూసుకునేవాడు. కొనేవాళ్ళకు బస్సు వెళ్ళిపోతున్నా సరే, మోత ఆగాకే బేరం. ఆ అలవాటు అంగడి దాటి ఇంట్లోకి, ఇల్లు దాటి వీధిలోకి వచ్చింది. పుచ్చకాయను కొట్టేవాడు, అది అందరూ చేసేదే. గ్యాసు సిలిండరును కొట్టేవాడు. మా ఇంటి కొత్త తలుపును కొట్టి, వడ్రంగి ఎదుటే మొహం చిట్లించాడు. నేను స్కూటీ దిగి హెల్మెట్ తీసేలోపే దాని మీద టక్కుమని ఒకటి వేసి, లోపల ఏమన్నా ఉందో లేదో చూస్తున్నానని అత్తతో చెప్పేవాడు. వచ్చిన ప్రతిసారీ అదే హాస్యం, ప్రతిసారీ అత్త నవ్వేది.

మనుషుల గొంతులను కూడా లోహాల కింద విడదీసి పెట్టుకున్నాడు. బస్సు కండక్టర్లవన్నీ సత్తు గొంతులు. ఎదురంగడి ఆయనది రాగి, మెత్తగానే ఉంటుంది, కానీ తొందరగా చిలుము పడుతుంది. ఓట్లడగడానికి వచ్చేవాళ్ళందరివీ చిల్లుబిందెలు. ఇక నాది స్టీలు. "మోత ఉండాది పాపా, నాదం లేదు" అని నా మొహం మీదే అన్నాడు. నలభై దాటిన మనిషిని, ఆఫీసులో పదిమంది చేత పని చేయించేదాన్ని, ఆయనకు నేను పాపనే. ఆ మాటకు కొన్నాళ్ళు మూతి ముడుచుకుని తిరిగాను. తరవాత ఒకరోజు ఆఫీసులో ఎవరినో కేకలేస్తూ నా గొంతు నేనే విన్నాను. స్టీలే, సందేహం లేదు.

అత్తది కంచు. "కంచు పలికినాక గూడా కొంచేపు పలకతానే ఉంటాది పాపా. మీ అత్త పొద్దున తిడితే మజ్జానం దాకా నాకు మోగతాది" అనేవాడు. అత్త వంటింట్లోంచి గరిటె చప్పుడు చేసేది. మా వాళ్ళలో మొగుడు పెళ్ళాన్ని మెచ్చుకోవడం అంతకు మించి నేను చూడలేదు.

ఆయన స్పీకర్ల సంగతి చెప్పాలి. చిత్తూరు నుంచి బదిలీ అయి వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర ఎప్పుడో కొన్న రెండు పెద్ద చెక్క పెట్టెలు. ఆయన నోట అవి డబ్బాలు. నడిమింట్లో వాటిని రెండు అండాల మీద పెట్టాడు. అండాలంటే నీళ్ళు కాగబెట్టే పెద్ద రాగి పాత్రలు. ఇళ్ళల్లోకి గీజర్లు వచ్చాక వాటిని అడిగేవాళ్ళు లేక అంగట్లో రెండు మిగిలిపోయాయి. వాటిని ఇంటికి తెచ్చి, బోర్లించి, ఒక్కోదాని మీద ఒక్కో డబ్బా కూర్చోబెట్టాడు. స్పీకర్ల గురించి ఏ కాస్త తెలిసినవాళ్ళయినా అది చూస్తే తల పట్టుకుంటారు. కింద బోలుగా ఉన్న రాగి పాత్ర ఉంటే పాటతోపాటు అది కూడా మోగుతుంది కదా. మోగేది కూడా. పాట కింది స్థాయికి దిగి ఒక స్వరం దగ్గర నిలబడితే అండాలు రెండూ జుమ్మనేవి. నేను స్టాండ్ల గురించి, వాటి కింద పెట్టే మేకుల గురించి, గోడకు ఎంత దూరం ఉండాలో దాని గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, తల ఊపాడు, కాఫీ తెమ్మని అత్తకు చెప్పాడు. అండాలు అక్కడే ఉన్నాయి. ఆ మోత తీసేస్తే పాట బోడిగా ఉంటుందన్నది ఆయన వాదం.

పొద్దున కాఫీలు అయ్యాక అంగడి తెరిచేదాకా ఉన్న సమయం పాటది. మామ పేము కుర్చీలో కూర్చునేవాడు. అత్త ముక్కాలిపీట లాక్కుని, ఒళ్ళో చేట పెట్టుకుని, చిక్కుడుకాయలకు నార తీస్తూ కూర్చునేది. అత్తకు పాటలంటే పెద్ద ఇష్టం లేదని అందరం అనుకునేవాళ్ళం. ఎందుకంటే, కచేరీలో గాయకుడు రాగం అందుకుని, ఇంకా మాటల్లోకి రాకుండా ఆలాపన చేస్తూ ఉంటాడు చూడండి, సరిగ్గా అది సగానికి వచ్చేసరికి అత్త చేటలోంచి తల ఎత్తకుండా అడిగేది.

"ఇంగా పాట మొదలు కాలేదా?"

"వస్తా ఉండాది, కూసో."

ఆమె ఎక్కడికీ లేవలేదు, కూర్చునే ఉంది. అయినా ఆయన జవాబు అదే. రోజూ అదే ప్రశ్న, రోజూ అదే జవాబు. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళినప్పుడు నేను ఆ రెండు మాటలు కూడా కచేరీలో భాగమే అనుకునేదాన్ని. పెద్దయ్యాక మాత్రం నాకు చిరాకు వేసేది. ఆలాపన మధ్యలో మనిషి మాట పడితే నాకు ఒళ్ళు మండుతుంది. మామకు మండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే, ఆయన ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉండేవాడనిపిస్తుంది. అడిగేదాకా చేతి వేళ్ళు కుర్చీ చెయ్యి మీద ఒకలాగా కదిలేవి, అడిగాక నెమ్మదించేవి.

నేను తిరుపతిలో ఫ్లాటులో ఒక్కదాన్నే ఉంటాను. పక్కింటివాళ్ళు తుమ్మితే నాకు వినిపిస్తుంది. నాకు హెడ్‌ఫోన్లే సరిపోయాయి, ఇష్టం కూడా. అందులో వినిపించినంత వివరంగా స్పీకర్లలో ఎక్కడ వినిపిస్తుంది? ఈ మాట చిత్తూరు వెళ్ళినప్పుడల్లా అనేదాన్ని. మామ వెటకారంగా నా మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లను వేలితో కొట్టి చూసేవాడు. "పాటంటే పంక్తిలో వడ్డించేది పాపా. నీదేంది, క్యారియరు కట్టుకోని పొయ్యి మూలన కూసోని ఒగదానివే తినేది" అనేవాడు. క్యారియరు అన్నం వేడిగా ఉంటుంది మామా అనేదాన్ని నేను. అలా ఎంతసేపైనా సాగేది. ఇద్దరికీ ఓడిపోవాలని లేదు, గెలిచేస్తే మళ్ళీ వచ్చినప్పుడు మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

అలాంటి మనిషికి ఎడమ చెవి పోయింది.

ఒక జ్వరం వచ్చి తగ్గాక మొదలైంది. ముందు నాతోనే చెప్పాడు, అదీ ఫోనులో, గొంతు తగ్గించి. వేలూరు ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. పళ్ళ డాక్టరు దగ్గరికని అత్తకు చెప్పాం. ఎడమ చెవి ఇక రాదని, కుడి చెవి కూడా పలచబడుతోందని, అది ఎంతకాలం ఉంటుందో చెప్పలేమని డాక్టరు చెప్పాడు. తిరుగు బస్సులో మామ కిటికీ పక్కన కూర్చున్నాడు. చిత్తూరు దగ్గర పడ్డాక అన్నాడు.

"బిందె కొడితే మోత ఆగిందో, నాకు ఇనపడేది ఆగిందో తెలీడంలే పాపా."

ఆ మాటలో ఆయన అంగడి, పాట, మొత్తం మనిషే ఉన్నాడు. దిగబోయే ముందు నా చెయ్యి పట్టుకుని, అత్తకు చెప్పొద్దని, తెలిస్తే దిగులు పడుతుందని ఒట్టు వేయించుకున్నాడు.

తరవాతి నెల వెళ్ళేసరికి అత్త ముక్కాలిపీట చోటు మారింది. అన్నాళ్ళూ అది మామ కుర్చీకి ఎడమ పక్క, వంటింటి గుమ్మం దగ్గర ఉండేది. పొయ్యి మీద ఏదైనా పొంగితే లేవడానికి వీలుగా. ఇప్పుడు కుడి పక్కకు వచ్చింది. ఆ పక్కన ఫ్యాను గాలికి మెడ పట్టేస్తోందని అత్త చెప్పింది. ఫ్యాను నడిమింటి మధ్యలో ఉంది, ఏ పక్క కూర్చున్నా ఒకటే గాలి. అయినా నేను నమ్మాను. తెలివైనదాన్నని నాకు పేరు.

నాకు ఒకటే ధ్యాస. ఉన్న కుడి చెవి ఉన్నన్నాళ్ళయినా మామ పాటను పూర్తిగా వినాలి. డబ్బాల దగ్గర ఆయనకు అంతా కలగాపులగంగా వినిపిస్తోంది. వాయులీనం ఎక్కడో, మృదంగం ఎక్కడో, మధ్యలో అండాల జుమ్ము. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఎడమ పక్క వచ్చేదంతా చచ్చిన చెవికి పోతుంది కదా అనుకున్నాను. చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను. రెండు పక్కల పాటనూ కలిపి ఒకే చెవికి పంపే అమరిక ఉందని తెలిసింది. చెవులను పూర్తిగా మూసేసి బయటి చప్పుడు రానివ్వని రకం, నేను నా కోసం ఎప్పుడూ కొనుక్కోనంత మంచివి కొన్నాను. ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి చిత్తూరు పోయాను.

మామ డబ్బీ విప్పి, అలవాటు ప్రకారం వేలితో కొట్టి, ప్లాస్టిక్కు అని పెదవి విరిచాడు. ఎవరూ లేని సమయం చూసి అమరిక సంగతి ఆయన కుడి చెవిలో చెప్పాను. కాసేపు నా మొహంలోకి చూసి, అప్పుడు పెట్టుకున్నాడు. ఆయనకు బాగా తెలిసిన పాత కచేరీ పెట్టాను.

ఆ మొహం నేను చచ్చేదాకా మరిచిపోను. ముందు కనుబొమలు పైకి లేచాయి. తరవాత నోరు కాస్త తెరుచుకుంది. వేళ్ళు కుర్చీ చెయ్యి మీద తాళం పట్టుకున్నాయి, ఈమధ్య తప్పిపోతున్న తాళం ఇప్పుడు తప్పడం లేదు. గాయకుడు గుటక మింగేది కూడా వినబడుతోందని గట్టిగా అరిచాడు. చెవులు మూసుకుని ఉన్నాయి కాబట్టి తన గొంతు తనకు తెలియడం లేదు. వీధిలో పోయే పాలాయన ఆగి లోపలికి చూశాడు. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

అప్పుడు మామ నా వైపు వంగాడు. రహస్యం చెప్పేటప్పుడు వంగినట్టు వంగి, అరిచేశాడు.

"మీ అత్తకు మాత్రం సెప్పబాకు పాపా. ఎడం చెవి పూర్తిగా పొయ్యిందని తెలిస్తే దిగులు పడతాది."

తాను గుసగుసలాడుతున్నాననే ఆయన అనుకున్నాడు. అత్త వంటింటి గుమ్మంలో చేట పట్టుకుని నిలబడి ఉంది.

అత్త నన్ను చూసింది. తొణకలేదు. పెదవుల మీద వేలు పెట్టి, గమ్మునుండమని నాకు సైగ చేసింది. మామను ఒకసారి, ఆయన నెత్తి మీది ఆ నల్లటి వస్తువును ఒకసారి చూసింది. ముక్కాలిపీట వైపు రాబోయిన మనిషి చేటతో సహా వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. పాట ఆయన చెవుల్లోనే ఉంది కదా, నడిమింట్లో ఆమె కూర్చోవడానికి ఏముంది.

మామకు ఇవేమీ తెలియవు. కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఆలాపన సాగుతోందని ఆయన తల ఊపును బట్టి తెలుస్తోంది. అది సగానికి వచ్చి ఉంటుంది.

"వస్తా ఉండాది, కూసో" అన్నాడు మామ.

ఎవరూ ఏమీ అడగలేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆయన కళ్ళు తెరిచి కుడి పక్కకు తిరిగాడు. ముక్కాలిపీట ఖాళీగా ఉంది. కాసేపు దాన్నే చూశాడు. తరవాత రెండు చేతులతో హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాటిలోంచి పాట సన్నగా దోమ పాడినట్టు వినిపిస్తూనే ఉంది.

ఏమైంది మామా, బాగాలేదా అని అడిగాను.

"నిండా బాగుండాది. అన్నీ ఇనపడినాయి. మీ అత్త అడిగేదొగటే ఇనపడలా."

అత్త అసలు అడగనే లేదని చెప్పాను. నాకు కోపం వస్తోంది. ఎంత వెతికి, ఎంత ఆలోచించి తెచ్చాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అడగదు. ఇది నెత్తిన పెట్టుకుంటే ఇంగ ఎప్పుడూ అడగదు."

డాక్టరు మాట గుర్తు చేశాను. కుడి చెవి ఎన్నాళ్ళుంటుందో తెలియదు, ఉన్నన్నాళ్ళయినా సరిగ్గా వినవద్దా అని అడిగాను. నా స్టీలు గొంతు పైకి లేచింది. మామ హెడ్‌ఫోన్ల తీగను జాగ్రత్తగా చుట్టి, డబ్బీలో పెట్టి, నా చేతికిచ్చాడు.

"ఉండేది ఒగ చెవి. దానికి గూడా మూతేసి పెట్టమంటావా?"

పాత్రలమ్మే మనిషి మూత అంటే అది ఉత్త మాట కాదు. నేను నోరు మూసుకుని వంటింట్లోకి పోయాను.

అత్త రాగిసంగటి కెలుకుతోంది. నన్ను చూడకుండానే మాట్లాడింది. వేలూరు నుంచి వచ్చిన రోజే తెలుసట. ఎప్పుడూ ఎడమ చెవికి పెట్టుకునే ఫోను ఆ రోజు కుడి చెవికి పెట్టుకున్నాడట. ఎడమ పక్క నుంచి పిలిస్తే కాఫీ చల్లారిపోతున్నా తిరగలేదట. అందుకే పీట మార్చుకుంది. వీధిలో నడిచేటప్పుడు కుడి పక్కే నడుస్తోంది. ఆయన అంగట్లో కూర్చునే చోటు కూడా, గల్లాపెట్టెకు వెలుతురు చాలలేదని చెప్పి, వచ్చేవాళ్ళు కుడి పక్కకు వచ్చేలా తిప్పించింది. పళ్ళ డాక్టరుకు వేలూరుదాకా ఎవరు పోతారే అని నన్ను ఒక చూపు చూసింది.

మరి ఆయనకు చెప్పొచ్చు కదా అత్తా అన్నాను.

"వద్దు. నాకు తెలుసునని తెలిస్తే దిగులు పడతాడు."

ఇద్దరి నోటా అదే మాట. ఈ మొగుడూ పెళ్ళాల మధ్యలో ఇరుక్కుని, చెరొకరికి ఒక ఒట్టు మోస్తూ, నేను సంగటి ముద్ద మింగలేక మింగాను. ఊరుబిండి పచ్చడి కారమని అత్తకు చెప్పి కళ్ళు తుడుచుకున్నాను.

అత్త మాత్రం ఊరుకోలేదు. నేను బయల్దేరేలోపు మామ ముందు నిలబడి, ఆ డబ్బాల రొదకు తనకు తలనొప్పి వస్తోందని, పాప తెచ్చినదేదో పెట్టుకుంటే ఇల్లు నిమ్మళంగా ఉంటుందని మొదలుపెట్టింది. అబద్ధం ఆడడం ఆమెకు చేతకాదు, చూపంతా నేల మీదే. ఇన్నేళ్ళూ లేని తలనొప్పి ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని మామ నవ్వి, లేచి వెళ్ళి డబ్బాల మీట తిప్పాడు. మధ్యలో ఆగిన కచేరీ మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. అత్త ఇంకేం చేస్తుంది, చేట తెచ్చుకుని కుడి పక్క కూర్చుంది. హెడ్‌ఫోన్లు నాతోపాటు తిరుపతికి వచ్చేశాయి. నిన్నటిదాకా వాడినవి అవే, నల్లపొట్టు రాలుతున్నవి.

కుడి చెవి డాక్టరు చెప్పినట్టే మెల్లమెల్లగా పలచబడింది. డబ్బాల మోత పెరిగింది, దాంతోపాటు అత్త ప్రశ్న కూడా. పాట ఇంకా మొదలు కాలేదా అని ఆమె అడిగేది బజారువీధి మలుపు దాకా వినిపించేది. ఎదురంగడి రాగిగొంతు ఆయన, మాకందరికీ వినబడుతోంది తల్లీ, మొదలైతే మేమే వచ్చి చెప్తాం అని ఎగతాళి చేసేవాడు. ఆఖరి నెలల్లో మామకు పాట ఎంత వినిపించేదో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం చూశాను. ఆయన డబ్బాల వైపు చూడడం మానేశాడు. కుర్చీని కాస్త తిప్పుకుని అత్త వైపే చూస్తూ కూర్చునేవాడు. ఆమె పెదవులు కదలగానే జవాబు సిద్ధం. ఒకసారి అండా జుమ్మన్నప్పుడు కాలి బొటనవేలిని దానికి ఆనించి కూర్చుని ఉన్నాడు. నేను చూడడం చూసి, కాలు తీయలేదు, కన్ను గీటాడు.

చెవి పూర్తిగా పోకముందే మనిషి పోయాడు. అంగడి తెరవాల్సిన వేళకు, కుర్చీలోనే. నేను వెళ్ళేసరికి ఎవరో డబ్బాలను గోడవైపు తిప్పేశారు. మామ అంటే నాకు ఎంత ఇష్టమో నాకు అప్పుడే తెలిసిందని చెప్పను, ముందే తెలుసు. ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, అంతే. చెప్పి ఉంటే, అందులో నాదం ఎంత ఉందో వేలితో కొట్టి చూసేవాడేమో.

అంగడి ఇప్పుడు వాళ్ళ కొడుకు చూసుకుంటున్నాడు. ఆ ఇంట్లో పాటలు ఎవరి ఫోనులో వాళ్ళవి, ఎవరి చెవుల్లో వాళ్ళవి. డబ్బాల మీద దుప్పటి కప్పి ఉంది.

ఆ పాటల సామాన్ల షోరూం నుంచి వచ్చిన సాయంత్రం అత్తకు ఫోను చేశాను. ఏవి కొనాలో తోచడం లేదని చెప్పాను. నిజానికి నాకు తోచింది, అడగడానికి ధైర్యం లేదు. ఎట్టకేలకు, మామ డబ్బాలు నాకిస్తావా అత్తా అని అడిగేశాను. తప్పు చేశానేమో అనుకున్నాను. తరవాత అత్త, అండాలు లేకుండా డబ్బాలు ఇవ్వనని చెప్పింది. అండాలు బోర్లించడం నాకు రాదు కాబట్టి తనే వస్తానని కూడా చెప్పింది.

ఆదివారం పొద్దున్నే ఒక ట్రాలీ ఆటోలో డబ్బాలు, అండాలు, ముందు డ్రైవరు పక్కన అత్త, చిత్తూరు నుంచి తిరుపతి దాకా వచ్చాయి. మెట్లెక్కి వచ్చేసరికి అత్తకు ఆయాసం. మంచినీళ్ళు తాగి, కొంగు బిగించి, అండాలను తనే బోర్లించింది. ఒక్కోదాన్ని వేలితో కొట్టి, తల వంచి విని, ఒకదాన్ని కాస్త పక్కకు జరిపింది. ఈమె ఇది ఎప్పుడు నేర్చుకుందని నేను నోరెళ్ళబెట్టి చూశాను. స్టాండ్ల గురించి, గోడకు దూరం గురించి ఒక్క మాట అనలేదు.

ఆ పాత కచేరీయే పెట్టాను. పక్కింటివాళ్ళు ఏమంటారో అని ఒక్క క్షణం భయం వేసింది, అంటే అననీ అనుకున్నాను. నేను కుర్చీలో కూర్చున్నాను. అత్త వంటింట్లోంచి నా ముక్కాలిపీట తెచ్చుకుంది. గది అంతా ఖాళీగా ఉంది, ఎక్కడైనా వేసుకోవచ్చు. నా వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చి, నా కుడి పక్కన వేసుకుని కూర్చుంది. నాకు రెండు చెవులూ బాగానే ఉన్నాయి. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

ఆలాపన మొదలైంది. కింది స్థాయికి దిగి ఆ స్వరం దగ్గర నిలబడగానే అండాలు జుమ్మన్నాయి. అత్త చేతులు ఖాళీగా ఉన్నాయి, ఏం చేయాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుంది. ఆలాపన సగానికి వచ్చింది. నేను ఆమె ప్రశ్న కోసం కాచుకున్నాను. రాలేదు. సగం దాటింది. అత్త డబ్బాల వైపే చూస్తోంది. ఆ ప్రశ్న ఎవరి కోసం అడిగేదో ఆ మనిషి లేడు, ఇక ఎందుకు అడుగుతుంది.

నేనే అడిగాను. స్టీలు గొంతే, వీలైనంత మెత్తగా.

"ఇంగా పాట మొదలు కాలేదా అత్తా?"

అత్త నా వైపు తిరగలేదు. చెయ్యి చాపి నా మోకాలి మీద పెట్టింది.

"వస్తా ఉండాది పాపా," అంది. "కూసో."